భన్‌పురి డాబా: నులక మంచం మీది రాజ్యాంగం

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన, బిలాస్‌పూర్ వైపు సాగే రహదారి మీద ఉంటుంది భన్‌పురి. కలప అడితీలు, ఇనుప గోదాములు, లారీ మరమ్మతు షెడ్లు, కొంచెం ఎడంగా ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల పొగగొట్టాలు. చూడదగిన ప్రదేశాల జాబితాలో ఈ పేరును ఏ పర్యాటక శాఖా చేర్చదు. అయినా ఈ మార్గానికి తెలుగువారితో ఒక చుట్టరికం ఉంది. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ వద్ద బయలుదేరే 30వ నంబరు జాతీయ రహదారి రాయ్‌పూర్, కాంకేర్, జగదల్‌పూర్, కుంట, భద్రాచలం దాటుకుని విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో ఆగుతుంది. భన్‌పురిలో టీ తాగి బయలుదేరిన లారీ స్టీరింగు పెద్దగా తిప్పకుండానే కృష్ణ ఒడ్డుకు చేరుకోవచ్చునన్నమాట. (బస్తర్ జిల్లాలో ఇంకొక భన్‌పురి ఉంది. అదీ ఇదే రహదారి మీదే. పాత శాసనసభా నియోజకవర్గాల పటం గుర్తున్న పాఠకులు రెండింటినీ ఒకటిగా పొరబడకూడదు.)

ఈ దారి పొడవునా డాబాలే. వాటిలో ఒకటి ఈ వ్యాసానికి వస్తువు. దాని పేరు, యజమాని పేరు ఇందులో కనిపించవు. ఎందుకో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

ముందువైపు రేకుల పంచ, దాని కింద అరడజను నులక మంచాలు. మంచం మీద అడ్డంగా పరిచిన చెక్క పలకే భోజనపు బల్ల. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల తందూరు, మరో మూల నీళ్ల డ్రమ్ము, దాని పక్కన స్టీలు గ్లాసులు బోర్లించిన ఇనుప బుట్ట. దాల్ తడకా, సేవ్ టమాటర్, కోడిగుడ్ల కూర, కోడికూర. తందూరీ రోటీ ఎన్నైనా, వేడి తగ్గకుండా వస్తూనే ఉంటుంది. ఉల్లిపాయ చక్రాలకు, పచ్చిమిరపకాయకు, నిమ్మచెక్కకు ధర లేదు. మధ్యాహ్నం లారీ డ్రైవర్లు, కాటా గుమాస్తాలు. రాత్రి తొమ్మిది దాటాక షిఫ్టు దిగిన స్పాంజ్ ఐరన్ కార్మికులు, వారితో పాటు చిన్నాపెద్దా పార్టీ నాయకులు. వడ్డించే మనిషికి ముప్పై ఏళ్లు దాటి, ఇద్దరు పిల్లల తండ్రి అయినా అందరికీ ‘ఛోటూ’యే. ఈ దేశంలో డాబాలో పనిచేసేవాడికి వయసు పెరగదు.

ఎన్నికలప్పుడు ఢిల్లీ నుంచి దిగిన పాత్రికేయులు టాక్సీ డ్రైవరునూ డాబా యజమానినీ అడిగి ఫలితం తేల్చేస్తారన్న ఎగతాళి పాతదే. ఆ ఎగతాళిలో నిజం లేకపోలేదు. కానీ లెక్కలు కట్టి చెప్పినవారి సంగతి మాత్రం అంతకన్న మెరుగ్గా ఉందా? 2023లో ఛత్తీస్‌గఢ్ గురించి చాలా ఎగ్జిట్ పోల్స్ కాంగ్రెస్ వైపే మొగ్గు చూపాయి. తీరా పెట్టెలు తెరిస్తే 90 స్థానాల్లో బీజేపీకి 54, కాంగ్రెస్‌కు 35. డాబాలో కూర్చున్నవారికి ముందే తెలుసునని కాదు. అక్కడ ఎవరూ ఎవరినీ సర్వే చేయరు కనుక తాము అనుకున్నది అనేస్తారు, అంతే. ఆ అనేయడానికి ఒక చోటు ఉండటమే అసలు విషయం.

ఇంగ్లండులో ఇలాంటి చోటుకు పేరే ‘పబ్లిక్ హౌస్’. కాలక్రమంలో నోరు తిరగడానికి అనువుగా ‘పబ్’ అయింది. ఊరందరి ఇల్లు అని అర్థం. 1946లో జార్జ్ ఆర్వెల్ తనకు నచ్చిన పబ్ ఎలా ఉండాలో ఒక పత్రికా వ్యాసంలో వర్ణించి, చివరకు అలాంటిది లేనే లేదని ఒప్పుకున్నాడు. పబ్బులు మూతపడుతుంటే ఊరివారే కలిసి కొనుక్కునేందుకు వీలుగా 2011 నాటి స్థానిక పరిపాలనా చట్టంలో ఒక వెసులుబాటు కల్పించారు. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటంటే పాలకులకు గుబులు కొత్తదేమీ కాదు. 1675 చివర్లో రెండో చార్లెస్ రాజు లండన్ కాఫీ హౌసులన్నీ మూసేయమని శాసనం చేశాడు. జనం మండిపడటంతో కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నాడు. తెలుగు దేశంలో ఆ పాత్రను ఇరానీ హోటలు కొంత, ఊరి రచ్చబండ కొంత, కల్లు దుకాణం కొంత పంచుకున్నాయి. రాయ్‌పూర్‌లో మధ్యతరగతి మాటలకు ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. కార్మికుల సహకార సంఘం నడిపేది కనుక దానికొక గౌరవం. కానీ చేతికి గ్రీజు అంటిన మనిషి ఆ తెల్లటి తలపాగా వడ్డనకు కొంచెం వెనకాడతాడు. అతనికి భన్‌పురి డాబాయే ఊరందరి ఇల్లు.

అయితే ‘ఊరందరి’ అన్న మాటను ఈ దేశంలో అంత తేలిగ్గా వాడకూడదు.

ఆ డాబాకు దాదాపు ప్రతి ఆదివారం రాత్రి ఒక తెలుగు కుటుంబం వస్తుంది. పెద్దాయన రాయ్‌పూర్ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా పనిచేసి 2012లో విరమించారు. స్వస్థలం పార్వతీపురం దగ్గరి పల్లె. ఆ పల్లె నుంచి రాయ్‌పూర్‌కు మనుషులు రావడం వింతేమీ కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లోనే పూర్తయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన ఆ పట్టాలు విశాఖ రేవుకు సరుకు తెచ్చినట్లే, ఉత్తరాంధ్ర నుంచి గ్యాంగ్‌మన్లను, ఖలాసీలను ఇటు తీసుకువచ్చాయి. ఈ పెద్దాయనకు కూడా ముందు మేనమామ వచ్చాడు, 1971లో మేనల్లుణ్ని పిలిపించాడు.

పల్లెలో ఉన్నప్పుడు ఆయనకు తెలిసిన హోటలు ఒక్కటే, ఊరి మొదట్లో తాటాకు పాక. వారి వాడవారు లోపలికి వెళ్లేవారు కారు. వారి గ్లాసు పాక చూరులో దోపి ఉండేది. అది తామే తీసుకోవాలి, దోసిట్లోకి కాకుండా ఆ గ్లాసులోకి పైనుంచి పోస్తారు కనుక దాన్నే గౌరవమనుకోవాలి. తాగి, తామే కడిగి, మళ్లీ చూరులో దోపాలి. రెండు గ్లాసుల పద్ధతి అని తరువాత పత్రికలు రాసింది దీని గురించే. ఆయన చిన్నప్పుడు దానికి పేరు లేదు. పద్ధతి అంతే.

రాయ్‌పూర్ వచ్చి మొదటి జీతం అందుకున్న రాత్రి మేనమామ ఆయనను రోడ్డు పక్కన ఒక పంజాబీ డాబాకు తీసుకుపోయాడు. మంచం మీద కూర్చోమన్నారు. కూర్చున్నాడు. నీళ్ల గ్లాసు వచ్చింది. ఆ గ్లాసు ఎక్కడి నుంచి తీశారో ఆయన కళ్లు వెదికాయి. బుట్టలోంచే. తాగాక అలవాటు కొద్దీ లేచి కడగబోతే సర్దార్జీ గట్టిగా కేకవేశాడట, ‘అరే, నువ్వు కడిగితే మా వాడికి జీతం దేనికి?’ అని. అది ఉదారతో కోపమో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఆ ఎంగిలి గ్లాసు అందరి గ్లాసులతో పాటు ఒకే తొట్టిలో పడటం మాత్రం చూశాడు. మనుమరాలికి ఈ కథ చాలాసార్లు చెప్పాడు. ఆ అమ్మాయి రాయ్‌పూర్‌లోనే లా చదువుతోంది. మొదటిసారి విన్నప్పుడు ఏడ్చింది. ఇప్పుడు అధికరణం సంఖ్య చెబుతుంది.

ఆ సంఖ్య 15, అందులో రెండో భాగం. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్నీ దుకాణాలలోకి, బహిరంగ భోజనశాలలలోకి, హోటళ్లలోకి రానీయకుండా అడ్డుకోరాదని అది చెబుతుంది. ప్రాథమిక హక్కులలో చాలావరకు పౌరుడికీ రాజ్యానికీ మధ్య వ్యవహారం. ఇది అలా కాదు. రెండు రూపాయల టీ అమ్ముకునే మనిషిని కూడా నేరుగా కట్టడి చేసే హక్కు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఇది చర్చకు వచ్చినప్పుడు, దుకాణమంటే ఏమిటన్న ప్రశ్న లేచింది. ఆ మాటను విశాలార్థంలోనే వాడామని, అడిగినవారికి సేవలందించే ఎవరైనా అందులోకి వస్తారని అంబేడ్కర్ సమాధానమిచ్చారు. అంటరానితనాన్ని రద్దుచేసే అధికరణాన్ని సభ ఆమోదించిందీ ఆ రోజే. తరువాత 1955లో వచ్చిన చట్టం, పౌర హక్కుల రక్షణ చట్టమని ఇప్పుడు పిలుస్తున్నది, ఇంకొక అడుగు ముందుకు వేసి హోటలులో ఉంచిన పాత్రల వాడకాన్ని కూడా ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ నిబంధన రాసిన గుమాస్తా ఎవరో గానీ, చూరులో దోపిన గ్లాసును కళ్లారా చూసినవాడై ఉండాలి.

చట్టం వచ్చినంత మాత్రాన గ్లాసులు కలిసిపోలేదన్నది తెలిసిందే. 1957లో మద్రాసులో హోటలు బోర్డు మీద ‘బ్రాహ్మణ’ పదం ఉండరాదంటూ పెరియార్ అనుచరులు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ ఎదుట నెలల తరబడి ఆందోళన చేయవలసివచ్చింది. ఛత్తీస్‌గఢ్ కూడా ఈ విషయంలో మినహాయింపు కాదు. మనుషులందరూ ఒక్కటేనని చాటిన గురు ఘాసీదాస్ పుట్టిన నేల ఇది. ఆయన అనుయాయులైన సత్నామీలను అంటరానివారిగా చూసిన నేల కూడా ఇదే. 2024 మేలో గిరౌద్‌పురి దగ్గర వారి పవిత్ర జైత్‌ఖామ్‌ను ధ్వంసం చేసిన ఘటన, జూన్ 10న బలోదాబజార్‌లో కలెక్టరు కార్యాలయ ప్రాంగణం తగలబడేదాకా పోయింది. అందువల్ల డాబాను సమతా మందిరమని కీర్తించడం పొరపాటు. అక్కడ జరిగేది చిన్న విషయం. రోడ్డు మీద పోయేవాడి కులం అడిగే తీరిక డాబావాడికి ఉండదు. లారీకి తొందర, తందూరుకు తొందర. ఊరికి ఉన్న జ్ఞాపకశక్తి రహదారికి లేదు. పార్వతీపురం కుర్రాడికి 1971లో దొరికింది ఆ మతిమరుపే.

ఆయన భార్య సంగతి వేరు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆమె డాబా గడప తొక్కలేదు. పార్సెలు వచ్చేది, ఇంట్లో తినేది. రహదారి కులాన్ని మరిచిపోయింది గానీ ఆడమనిషిని మరవలేదు. నులక మంచాల మధ్య నుంచి ఆమె నడిచి వెళితే మాటలు ఆగిపోయేవి. ఆ ఆగిపోవడమే చాలు, ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు. తరువాత కొన్నాళ్లకు డాబాలో ప్లైవుడ్ గోడలతో, పూల పరదాతో ‘ఫ్యామిలీ క్యాబిన్’ వెలిసింది. తెలుగు రాష్ట్రాల హోటళ్లలో ‘ఫ్యామిలీ రూము’ ఎరిగినవారికి ఇది వివరించనవసరం లేదు. గాలి ఆడదు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించదు, వడ్డన ఆలస్యం. మర్యాద పేరిట దొరికే చీకటి అది. మనుమరాలు మొదటిసారి వచ్చినప్పుడు క్యాబిన్‌లోకి పోనని బయటి మంచం మీద కూర్చుంది.

‘లోపలికి రామ్మా, అందరూ చూస్తన్నారు’ అంది నాయనమ్మ.

‘చూడనీ నాన్నమ్మా. ఇక్కడైతే రోటీ వేడిగా వస్తాది.’

పెద్దాయన ఏమీ అనకుండా మంచం చివర జరిగి భార్యకు చోటు చూపించాడు. ఆమె ఒక నిమిషం నిలబడి, కొంగు భుజం చుట్టూ లాక్కుని కూర్చుంది. పక్క మంచం డ్రైవర్లు గొంతు తగ్గించారు, కాసేపటికి మళ్లీ పెంచారు. యజమాని స్వయంగా వచ్చి ‘జై జోహార్ సియాన్’ అని పెద్దాయనను పలకరించి, ‘అమ్మాజీ’కి కారం తగ్గించమని వంటవాడికి చెప్పాడు. ఛత్తీస్‌గఢీలో ‘సియాన్’ అంటే ఇంటి పెద్ద. ఆ మాట తనకు పెన్షను పుస్తకం కన్న విలువైనదని పెద్దాయన నమ్మకం.

ఆ రాత్రి నాయనమ్మ చూపు పక్కనే ఒక కార్మికుడు విప్పిన స్టీలు క్యారేజీ మీద పడింది. నీళ్లలో నానిన అన్నం, ఉల్లిపాయ, ఎండుమిర్చి. ‘ఇది మన చద్దన్నం కాదూ?’ అంది. అదే. ఇక్కడ దాన్ని బోరే బాసీ అంటారు. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ రాష్ట్రమంతా బోరే బాసీ తినాలని పిలుపునిచ్చారు. కలెక్టర్లు, ఎస్పీలు చద్దన్నం గిన్నెలతో ఫొటోలు దిగారు. అన్నంతో రాజకీయం చేయడం తెలుగువారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఏం చేసిందో వారికి తెలుసు. రమణ్ సింగ్‌ను ‘చావల్ వాలే బాబా’ చేసినదీ చౌక బియ్యమే. 2018లో క్వింటాలు ధాన్యానికి 2,500 రూపాయలన్న హామీ ఒకరిని గద్దెనెక్కిస్తే, 2023లో 3,100 అన్న హామీ ఇంకొకరిని ఎక్కించింది. ఆ కార్మికుడు మాత్రం ఆ క్యారేజీని ఏ ప్రభుత్వం చెప్పిందనీ తేలేదు. డాబాలో కూర పది రూపాయలు పెరిగింది కనుక అన్నం ఇంటి నుంచి తెచ్చుకుని, దాల్ ఒక్కటే కొనుక్కున్నాడు. యజమాని అభ్యంతరం చెప్పలేదు. బయటి భోజనం లోపలికి తేరాదన్న బోర్డు పెద్ద రెస్టారెంట్లకు చెందిన నాగరికత.

ఇక సీసా సంగతి. ‘ఇక్కడ మద్యం సేవించరాదు’ అన్న బోర్డు డాబాలో అందరికీ కనిపించే చోటే ఉంది. దాని కిందనే కొందరి శీతల పానీయాల రంగు కొంచెం అనుమానాస్పదంగా ఉంటుంది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని తీర్పు చెప్పింది. 2017 మార్చి 31న చిన్న ఊళ్లకు ఆ దూరాన్ని 220 మీటర్లకు కుదించింది. అదే ఏడాది జులైలో పురపాలక పరిధులకు ఆ ఉత్తర్వు వర్తించదని వివరణ ఇచ్చింది. కొన్ని రాష్ట్రాలు ఏకంగా రహదారి పేరే మార్చి జిల్లా రోడ్డని చూపించాయి. ప్రభుత్వాలు తమ చట్టాన్ని తామే దాటే ఇటువంటి నేర్పు డాబావాడికి ఎక్కడిది? అతడు చేయగలిగింది బోర్డు కింద కనిపించేదాన్ని చూడనట్టు ఉండటమే. పోలీసు వస్తే సమాధానం చెప్పుకునేది అతడే.

2017 ఏప్రిల్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లో మద్యం చిల్లర వ్యాపారం ప్రభుత్వ సంస్థ చేతిలోకి పోయింది. 2018లో సంపూర్ణ నిషేధం వాగ్దానం చేసి కాంగ్రెస్ గెలిచింది, ఐదేళ్లూ ఆ ఊసు పక్కన పెట్టింది. ఆ కాలపు మద్యం వ్యాపారంలో రెండు వేల కోట్లకు పైగా అక్రమాలు జరిగాయని ఈడీ ఆరోపించింది. 2025 జనవరిలో మాజీ ఎక్సైజు మంత్రి కవాసీ లఖ్మాను అరెస్టు చేసింది. ఆరోపణలను ఆయన ఖండించారు, నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2019 అక్టోబరులో ప్రభుత్వమే దుకాణదారు అయింది, 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటుకు పోయాయి, మధ్యకాలంపై దర్యాప్తు నడిచింది. రెండు రాష్ట్రాలు, రెండు వేర్వేరు పార్టీలు, ఒకే కథ. రాజ్యం సారా కొట్టు యజమాని అయినప్పుడు నిషేధం ఎన్నికల ప్రణాళికలో ఒక అలంకారం అవుతుంది, అంతకు మించి ఏమీ కాదు.

సీసాను కింది నుంచి పట్టించుకున్నవారు వేరే ఉన్నారు. దల్లీ రాజహరా గనుల్లో శంకర్ గుహ నియోగి కార్మికులను కూడగట్టి, వేతనాల కోసం ఎంత పోరాడాడో తాగుడు మాన్పించడానికీ అంతే పాటుపడ్డాడు. ఆ ఉద్యమం భిలాయికి, ఇక్కడి ఉర్లాకు పాకింది. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తుండగా ఆయనను కాల్చి చంపారు. సరిగ్గా ఆ కాలంలోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మతో పాటు ఆడవాళ్లు సారా దుకాణాలపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వపు సంపూర్ణ నిషేధం ఆ తిరుగుబాటు ఫలితాలే. 1997లో దాన్ని ఎత్తేశారు. ఉర్లాలో నియోగి మాట విన్న కార్మికుల్లో ఇప్పటికీ ఒకరిద్దరు ఈ డాబాకు వస్తారు. వారి గ్లాసులో పానీయం రంగు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. అది మజ్జిగ.

చివరగా, పేరు.

2024 జులైలో కాంవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాల యజమానులు తమ పేర్లను బోర్డు మీద రాయాలని ఉత్తరప్రదేశ్‌లో ఉత్తర్వులు వచ్చాయి. ఉత్తరాఖండ్ కూడా అదే బాట పట్టింది. జులై 22న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసింది. ఏ ఆహారం దొరుకుతుందో చెబితే చాలు, యజమానుల, సిబ్బంది పేర్లు చెప్పమని బలవంతం చేయరాదన్నది. ఆ విచారణలో ధర్మాసనంలోని జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి, మదనపల్లెవారు, తన కేరళ అనుభవం చెప్పారు. ఒక నగరంలో రెండు శాకాహార హోటళ్లుండేవని, ఒకటి హిందువుది, మరొకటి ముస్లింది అని, శుభ్రత బాగుందని తాను ముస్లిం హోటలుకే వెళ్లేవాడినని. ఆ మాట కొన్ని చోట్ల నవ్వులపాలయింది. నిజానికి అందులో రహదారి ధర్మం ఉంది. వంట చూడాలి, పాత్రలు చూడాలి.

ఉత్తర్వు ఉత్తరప్రదేశ్‌ది, స్టే సుప్రీంకోర్టుది. భన్‌పురికి ఏ ఉత్తర్వూ రాలేదు. టీవీ మాత్రం వచ్చింది. ఆ శ్రావణంలో ఒక ఆదివారం, ముగ్గురు యువకులు కారు దిగి మంచం మీద కూర్చున్నారు. రేట్ల బోర్డు చూడకుండా గల్లా దగ్గరికి చూశారు. ‘సేఠ్, నీ పేరేమిటి?’ అని అడిగాడు ఒకడు. యజమాని రోజూ అందరితో నవ్వుతూ మాట్లాడే మనిషి. ఆయన చేయి చిల్లర లెక్కపెడుతూ ఆగింది. ‘దాల్ తొంభై, ఎగ్ కర్రీ నూట పది’ అన్నాడు. ‘అడిగింది అది కాదు’ అన్నాడు యువకుడు. ‘ఇక్కడ చెప్పేది అదే’ అన్నాడు యజమాని. వారు లేచిపోయారు. గొడవ కాలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. మంచం ఒకటి ఖాళీ అయింది, అంతే.

పెద్దాయన రోటీ తుంచడం మానేశాడు. మనుమరాలు సుప్రీంకోర్టు స్టే గురించి గబగబా చెప్పబోయింది. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

‘కోర్టు మాట సరేనమ్మా. ముందు ఆయన పేరు అడుగుతారు. బోర్డు మీద రాయిస్తారు. తర్వాత మంచం మీద కూర్చున్నోడి పేరు అడుగుతారు. నాకు తెల్సు గదా ఆ వరస.’

‘అప్పుడు కేసు వేద్దాం తాతా.’

‘వెయ్యి. ఈలోగా చూరులో గ్లాసు దోపడానికి ఈడ తాటాకు పాక కూడా లేదు.’

ఆయన నవ్వుతూ అన్నా, నాయనమ్మ నవ్వలేదు.

యజమాని ఏ కులంవాడో, ఏ మతంవాడో ఆ కుటుంబానికి తెలుసా అంటే, యాభై ఏళ్లుగా ఈ దారి ఎరిగిన మనిషికి తెలియకుండా ఉంటుందా? ఈ వ్యాసంలో చెప్పకపోవడానికి కారణం మాత్రం ఆ యువకుల ప్రశ్నకు ఇక్కడ కూడా జవాబు దొరకకూడదని. ఆయన దాల్‌లో వెల్లుల్లి తడకా దండిగా ఉంటుంది. నీళ్ల డ్రమ్ముకు మూత ఉంటుంది. గ్లాసులు వేడినీళ్లతో కడుగుతారు.

అయినా వ్యాపారికి లెక్కలు వేరే ఉంటాయి. ఆ నెలలో మరి రెండు కార్లు అలాగే వచ్చి అలాగే పోయాయి. పోనుపోను ఆయనా తటపటాయించాడు. శీతల పానీయాల కంపెనీ ఒకటి ఉచితంగా కొత్త ఫ్లెక్సు బోర్డు ఇస్తానంది. పైన కంపెనీ గుర్తు, కింద డాబా పేరుకు ఖాళీ. ఆ ఖాళీలో ఏం రాయించాలని పెద్దాయనను సలహా అడిగాడు. సొంత పేరు రాస్తే ఒక చిక్కు. దేవుడి పేరు రాస్తే, రేపు ఎవరో వచ్చి ఆ పేరు నువ్వెలా పెట్టుకున్నావని అడగవచ్చు, అది ఇంకొక చిక్కు. మనుమరాలు ‘ఫ్యామిలీ డాబా’ అని రాయించమంది. ‘క్యాబిన్ ప్లైవుడ్ తీసేసి, తర్వాత రాయించండి’ అని షరతు పెట్టింది. యజమాని నవ్వి, ప్లైవుడ్ వానాకాలం పోయాక చూద్దామన్నాడు.

ఫ్లెక్సు వచ్చింది, కట్టారు. ఖాళీ ఖాళీగానే ఉంది. పెయింటరు అడ్వాన్సు పట్టుకుపోయాడు, మళ్లీ కనిపించలేదు. రాత్రిపూట లారీ దీపాలు పడినప్పుడు ఆ బోర్డు మీద సీసా బొమ్మ, దాని కింద తెల్లటి జాగా మాత్రం కనిపిస్తాయి. బళ్లు ఆగుతూనే ఉన్నాయి.